ఇంటర్ మ్యాథ్స్‌లో 300కి 291, బీటెక్ ఎం1లో ఫెయిల్: తేడా ఎక్కడ వచ్చింది?

ప్రశ్న (ఖమ్మం జిల్లా నుంచి ఒక తండ్రి): మా అబ్బాయికి ఇంటర్ ఎంపీసీలో మ్యాథ్స్ నాలుగు పేపర్లు కలిపి 300కి 291 వచ్చాయి. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకుతో సీఎస్ఈ సీటు తెచ్చుకున్నాడు. ఫస్ట్ సెమ్‌లో ఎం1, అంటే మ్యాథ్స్ మొదటి పేపర్, పోయింది. ఎక్స్‌టర్నల్స్‌లో 60కి 14 వచ్చాయి. అన్ని మార్కులు తెచ్చుకున్నవాడు ఇలా ఎలా ఫెయిలవుతాడు? పేపర్ దిద్దడంలో తప్పు జరిగిందా? మా అమ్మాయి ఇప్పుడు టెన్త్. తను కూడా ఎంపీసీలోనే చేరతానంటోంది. తనకు ఇలా కాకుండా ముందే ఏమైనా చెయ్యగలమా?

సమాధానం:

నమస్తే అండీ. ముందు రీవాల్యుయేషన్ సంగతి. అనుమానం ఉంటే గడువు దాటకముందే ఫీజు కట్టి పెట్టుకోండి. కానీ దాని మీద ఆశ పెట్టుకుని సప్లీ చదువు ఆపనివ్వకండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 (2022 నిబంధనల) పద్ధతి అయితే ఎక్స్‌టర్నల్స్‌లోనే 60కి 21 రావాలి. 14 నుంచి 21కి రీవాల్యుయేషన్‌తో చేరడం చాలా అరుదు.

నేను తొమ్మిదేళ్లు జూనియర్ కాలేజీలో, ఆ తర్వాత పదహారేళ్లుగా ఇంజనీరింగ్ కాలేజీలో గణితం చెబుతున్నాను. అంటే మీ అబ్బాయికి 291 వచ్చేలా చదివించే పని, 14 వచ్చిన పేపర్ దిద్దే పని రెండూ చేశాను. మీరు అడిగింది ప్రతి ఏడాది ఫస్ట్ సెమ్ రిజల్ట్స్ రాగానే ఎవరో ఒక తల్లి, ఎవరో ఒక తండ్రి వచ్చి అడిగే ప్రశ్నే. 291 అబద్ధం కాదు. ఆ మార్కుల వెనక రెండేళ్ల కష్టం ఉంది. 14 కూడా అబద్ధం కాదు. ఆ రెండు పరీక్షలూ కొలిచినవి వేర్వేరు సంగతులు.

ఇంటర్ పేపర్ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఒక్కో పేపర్ 75 మార్కులు. రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడిస్తే ఐదు రాయాలి. ఏడు మార్కులవి ఏడిస్తే ఐదు రాయాలి. ఏ చాప్టర్ నుంచి ఎన్ని మార్కుల ప్రశ్న వస్తుందో పిల్లలకు ముందే తెలుసు. వన్ ఏలో (నాలుగు పేపర్ల పేర్లు వన్ ఏ, వన్ బీ, టూ ఏ, టూ బీ) ఏడు మార్కుల ప్రశ్నలంటే ప్రమేయాల నుంచి ఒకటి, గణితానుగమనం నుంచి ఒకటి, మాత్రికల నుంచి రెండు, ఇలా లెక్క ఉంటుంది. ఏడులో రెండు వదిలెయ్యొచ్చు కాబట్టి నచ్చని చాప్టర్లో పెద్ద ప్రశ్న జోలికి పోకుండానే పూర్తి మార్కులు తెచ్చుకోవచ్చు. మేం లెక్చరర్లమే ఆ లెక్క బోర్డు మీద వేసి చూపించేవాళ్లం.

ప్రమేయాల్లో వచ్చే ఆ ఒక్క పెద్ద ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక సిద్ధాంతమే. ఎఫ్, జీ ద్విగుణ ప్రమేయాలైతే (అంటే ఒక్కొక్కదానికీ వేరే ఒక్కొక్కటి, ఏదీ మిగలకుండా జత కుదిరేవైతే) వాటి సంయుక్త ప్రమేయపు విలోమం ఎలా ఉంటుందో నిరూపించమంటారు. ఇలాంటివి అరడజను ఉంటాయి. పిల్లలు వాటిని పద్యాల్లా కంఠతా పడతారు. జూనియర్ కాలేజీలో ఉన్నప్పుడు ఒక అమ్మాయి ఆ నిరూపణను ఒక్క అక్షరం తేడా లేకుండా రాసింది. ఏడుకి ఏడు వేశాను. తర్వాత రోజు క్లాసులో ఆ అమ్మాయినే అడిగాను: "అమ్మా, మన క్లాసులో ఒక్కొక్కరికీ ఒక్కో రోల్ నంబర్ ఉంది. ఇది ద్విగుణమేనా? నంబర్ ఇస్తే మనిషి దొరుకుతాడా?" చాలాసేపు నిలబడింది, ఏం చెప్పాలో తెలియలేదు. తను తెలివితక్కువ పిల్ల కాదు. ఆ నిరూపణ మనుషుల గురించి, నంబర్ల గురించి కూడా మాట్లాడుతుందని ఎవరూ తనకు చెప్పలేదు. ఆ ఎవరూలో నేనూ ఉన్నాను. ఆ రోజు నుంచి నా పాఠం చెప్పే తీరు మార్చుకున్నాను.

ఈఏపీసెట్ ఇంకో రకం. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్స్. ఒక్కో ప్రశ్నకు సగటున 67.5 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. ఈ లెక్కలో గెలవాలంటే ప్రశ్న చూడగానే ఏ రకమో గుర్తుపట్టాలి, ఫార్ములా వెయ్యాలి, లేదా ఆప్షన్లలో విలువలు పెట్టి చూడాలి. తీటాకి 45 డిగ్రీలు పెట్టి నాలుగు ఆప్షన్లలో మూడు కొట్టెయ్యడం కూడా నైపుణ్యమే, నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ రెండేళ్ల పాటు నిమిషంలో జవాబు రాకపోతే వదిలెయ్ అని నేర్చుకున్న బుర్రకు, ఒక లెక్క ముందు అరగంట కూర్చోవడం చేతకాదు. రాకపోతే తనకు రాదనుకుంటుంది. కాలేజీలో గణితం మొదలయ్యేదే ఆ అరగంటలో.

ఇక ఎం1. ఆర్22లో ఆ పేపర్ పేరే మాత్రికలు, కలనగణితం. ఐదు యూనిట్లు. పెద్ద ప్రశ్నల్లో ఛాయిస్ ఉంటుంది గానీ అది యూనిట్ లోపలే: ప్రతి యూనిట్ నుంచి రెండిచ్చి ఒకటి రాయమంటారు. ఇంటర్లోలా చాప్టర్ మొత్తం వదిలేసే వీలు లేదు. ఇది చాలా మంది పిల్లలకు మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) అయ్యాక గానీ తెలియదు. మీ అబ్బాయిని అడిగి చూడండి, ఏ యూనిట్లు వదిలేశాడో. రెండు యూనిట్లు వదిలేశాను అంటే సగం జవాబు అక్కడే దొరికింది.

మిగతా సగం పేపర్ల లోపల ఉంటుంది. నేను దిద్దేటప్పుడు మళ్లీ మళ్లీ కనిపించే రెండు చోట్లు చెబుతాను.

ఒకటి ఐగెన్ విలువలు, అంటే ఒక మాత్రిక కొన్ని సదిశలను (వెక్టర్లను) ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్యలు. మొదటి వరుసలో 2, 1, రెండో వరుసలో 1, 2 ఉన్న చిన్న మాత్రిక తీసుకోండి. లాక్షణిక సమీకరణం రాస్తే లాంబ్డాకి 1, 3 వస్తాయి. ఒక విద్యార్థి తొందరలో చివర 1 తీసెయ్యడం మరిచిపోయి 2, 2 తెచ్చుకుంటాడు. అది చిన్న పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. తర్వాత 2 పెట్టి ఐగెన్ సదిశ కోసం సమీకరణాలు సాధిస్తాడు. రెండు అంకెలూ సున్నా వస్తాయి. అది రాసి, కింద గీత గీసి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాడు. ఇక్కడే నా మనసు కలుక్కుమంటుంది. ఐగెన్ సదిశ సున్నా కాకూడదని నిర్వచనంలోనే ఉంది. నిర్ధారకం సున్నా అవ్వాలని మొదటి మెట్టులో రాసిందే, సున్నా కాని సాధన ఉండాలని. సున్నా వచ్చిందంటే వెనక ఎక్కడో తప్పు జరిగిందని లెక్కే గట్టిగా చెబుతోంది. ఆ మాట వినిపించాలంటే ఎందుకు చేస్తున్నామో తెలియాలి. సమఘాత సమీకరణాలకు (కుడి వైపు అన్నీ సున్నాలే ఉన్నవాటికి) సున్నా కాని సాధన ఎప్పుడుంటుందో వన్ ఏలో మాత్రికల చాప్టర్లోనే చెప్పాం. పిల్లలు దాన్ని పద్ధతిగా నేర్చుకున్నారు, కారణంగా నేర్చుకోలేదు.

రెండోది ద్విసమాకలనాల్లో (డబుల్ ఇంటిగ్రల్స్‌లో) క్రమం మార్చడం. వై విలువ ఎక్స్ స్క్వేర్ నుంచి ఎక్స్ దాకా, ఎక్స్ విలువ 0 నుంచి 1 దాకా అని ఇస్తారు. క్రమం మార్చమంటే చాలా మంది అక్షరాలు మార్చేస్తారు: ఎక్స్ విలువ వై స్క్వేర్ నుంచి వై దాకా. తప్పు. పరావలయం, సరళరేఖ గీసి మధ్యలో ఉన్న ముక్కను అడ్డంగా చూస్తే, ఎక్స్ విలువ వై నుంచి వర్గమూలం వై దాకా అని కంటికే కనిపిస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. సమాకలనం లోపల 1 ఉంటే తప్పు దారిలో కూడా 1/6 అనే సరైన జవాబే వస్తుంది. అందుకని ఇంట్లో ప్రాక్టీస్ చేసినప్పుడు తప్పు చేశామని తెలియదు. లోపల ఎక్స్ పెట్టి చూడమనండి: సరైన జవాబు 1/12, తప్పు దారిలో 1/15. టూ బీలో పరావలయం మీద రెండు నెలలు గడిపిన పిల్లలే ఒక్క పరావలయం కూడా చేత్తో గీసి ఉండరు. నాభి, నియతరేఖ సూత్రాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

వీటన్నిటి అడుగున తొమ్మిది, పది తరగతుల బీజగణితం ఉంది. 9, 16 కలిపి వర్గమూలం తీస్తే ఎంతో అడగండి, 5 అని చెబుతారు. అదే ఎక్స్ స్క్వేర్, 16 కలిపి వర్గమూలం అంటే ఎక్స్ + 4 అని రాసేవాళ్లు ప్రతి సెక్షన్లో ఉంటారు. అంకెల్లో చెయ్యని తప్పు అక్షరాల్లో చేస్తారు. భిన్నాలూ అంతే. సమాకలనం అంతా సరిగ్గా చేసి చివర 1/3, 1/5 తీసివేసే దగ్గర పోగొట్టుకున్న మార్కులు నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ఇది మన తెలుగు పిల్లల లోపమని అనుకోకండి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియాగో క్యాంపస్ అధ్యాపకుల బృందం 2025 నవంబరులో ఒక నివేదిక ఇచ్చింది. హైస్కూలు స్థాయి కూడా అందని గణితంతో అక్కడ చేరుతున్న విద్యార్థుల సంఖ్య ఐదేళ్లలో దాదాపు 30 రెట్లు పెరిగిందని అందులో ఉంది. వాళ్ల కోసం నడిపే ప్రాథమిక కోర్సులో ఒక ప్రశ్న: 7 + 2 = ఖాళీ + 6. నలుగురిలో ఒకరు తప్పు రాశారు. ఆ కోర్సులో ఉన్నవాళ్లలో నాలుగో వంతుకు పైగా స్కూల్లో గణితంలో పూర్తి గ్రేడు తెచ్చుకున్నవాళ్లే. ఈక్వల్ గుర్తు అంటే రెండు వైపులూ సమానమని కాక, జవాబు ఇక్కడ రాయాలి అని అర్థం చేసుకుంటే ఇలాంటి తప్పే వస్తుంది. స్కూలు మార్కు ఒకటి చెప్పడం, పై చదువుకు సిద్ధంగా ఉండడం ఇంకోటి కావడం అక్కడా ఉంది.

మీ అబ్బాయి ఎక్కడ ఆగాడో తెలుసుకోవడానికి ఐదు ప్రశ్నలు ఇస్తున్నాను. అన్నీ ఇంటర్ సిలబస్‌లోవే. టైమ్ పెట్టకండి, ఫోన్ మాత్రం పక్కన పెట్టించండి. కాగితం మీద రాయాలి, పక్కనే ఒక్క వాక్యంలో ఎందుకో రాయాలి.

మొదటిది: ఎక్స్ స్క్వేర్ = 3ఎక్స్ అయితే ఎక్స్ ఎంత? రెండు వైపులా ఎక్స్ కొట్టేసి 3 అని మాత్రమే రాస్తే సున్నా పోయింది. సున్నాతో భాగించకూడదని అతనికి తెలుసు, కానీ కొట్టెయ్యడం అంటే భాగించడమే అని తట్టలేదు.

రెండోది: క్యాలిక్యులేటర్ లేకుండా 4.1 వర్గమూలం సుమారుగా చెప్పు. వర్గమూలం ఎక్స్ అవకలనం 4 దగ్గర 1/4. 0.1 పెరిగితే 0.025 పెరుగుతుంది, కాబట్టి 2.025. అసలు విలువ 2.0248. వన్ బీలో దోషాలు, ఉజ్జాయింపులు అనే పాఠం ఇదే. అవకలనం అంటే చిన్న మార్పుకు ఎంత మార్పు అనే సంగతి తలకెక్కిందా లేదా అనేది ఇక్కడ తెలిసిపోతుంది.

మూడోది: ఎక్స్ సున్నాకు దగ్గరవుతుంటే సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి 1. ఎక్స్ రేడియన్లలో కాక డిగ్రీల్లో ఉంటే? జవాబు పై బై 180, దాదాపు 0.01745. దీనికి ఆగి ఆలోచించాలి, గుర్తున్న ఫార్ములా పనికిరాదు. మా కాలేజీలో బాగా చదివే పిల్లలు కూడా మొదటిసారి నీళ్లు నములుతారు. కానీ పది నిమిషాలు పట్టు వదలకుండా కూర్చున్నవాళ్లకు వస్తుంది. నాకు జవాబు కంటే ఆ పది నిమిషాలు ముఖ్యం.

నాలుగోది: రెండు మాత్రికలూ సున్నా కాకుండా, వాటి లబ్ధం మాత్రం సున్నా మాత్రిక కావాలి. ఉదాహరణ చెప్పు. ఒకదాంట్లో పై ఎడమ మూలలో 1, ఇంకోదాంట్లో కింద కుడి మూలలో 1, మిగతావన్నీ సున్నాలు. ఉదాహరణ తనంతట తాను తయారు చెయ్యడం అనేది ఇంటర్లో ఎవరూ అడగరు, బీటెక్‌లో ప్రతి వారం కావాలి.

ఐదోది: విజయవాడ నుంచి హైదరాబాద్‌కు 275 కిలోమీటర్లు బస్సు 5 గంటల్లో వచ్చింది. దారిలో ఎక్కడో ఒక క్షణం స్పీడోమీటర్ సరిగ్గా 55 చూపించి తీరాలి. ఎందుకు? ఇది లగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం. ఇంటర్లో ఒకసారి, ఎం1లో ఇంకోసారి చదివాడు. బస్సుకు, దానికి సంబంధం చెప్పగలిగితే ఆ సిద్ధాంతం అతనిదైనట్టే.

ఐదింటిలో రెండు వస్తే కంగారు పడకండి. మా ఫస్ట్ ఇయర్ క్లాసులో మొదటి వారం ఇలాంటివే ఇస్తాను, ఎక్కువ మంది రెండు మూడు దగ్గరే ఉంటారు.

ఇప్పుడు సప్లీకి ఏం చెయ్యాలి. పది వారాలున్నాయనుకుందాం, రోజుకు గంటన్నర చాలు, కానీ రోజూ ఉండాలి. మొదటి రెండు వారాలు ఎం1 పుస్తకం ముట్టుకోవద్దు. ఇది చెబితే పిల్లలకు టెన్షన్ వస్తుంది, టైమ్ వేస్ట్ అంటారు. అయినా వినమనండి. భిన్నాలు, కారణాంకాలు, ఘాతాంకాలు, లాగరిథమ్‌లు, పాక్షిక భిన్నాలు రోజుకు ఇరవై లెక్కల చొప్పున చేతికి అలవాటు కావాలి. దాంతోపాటు రోజుకు రెండు గ్రాఫులు చేత్తో గీయాలి: సరళరేఖ, వృత్తం, పరావలయం, సైన్, ఘాతీయ ప్రమేయం. రెండింటిని ఒకే కాగితం మీద గీసి ఎక్కడ కలుస్తాయో గుర్తించాలి. ఈ గీతల పని ఐదో యూనిట్‌ను సగం చేసి పెడుతుంది.

తర్వాత మూడు వారాలు మాత్రికలు, ఐగెన్ విలువలు. ఐదు యూనిట్లలో రెండు ఇవే, కొత్త భావనలు తక్కువ, కష్టపడితే ఫలితం త్వరగా కనిపిస్తుంది. అక్కడ ధైర్యం వచ్చాక మధ్యమ మూల్య సిద్ధాంతాలు, పాక్షిక అవకలనాలు, చివర ద్విసమాకలనాలు, త్రిసమాకలనాలు. ఆఖరి రెండు వారాలు పాత పేపర్లు టైమ్ పెట్టుకుని రాయాలి. పాత పేపర్లతో మొదలుపెట్టొద్దు. అది మళ్లీ ఇంటర్ దారే.

చదివే తీరు గురించి రెండు మాటలు గట్టిగా చెబుతాను. సాల్వ్ చేసిన లెక్కను చూస్తూ అర్థమైంది అనుకోవడం పెద్ద మోసం. యూట్యూబ్‌లో చూసినా అంతే. చూశాక పుస్తకం మూసి, మర్నాడు పొద్దున్న ఖాళీ కాగితం మీద అదే లెక్క రాయాలి. ఆగిపోయిన చోట ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. ఆ ఎర్ర గుర్తులే అతని అసలు సిలబస్. ఇంకోటి, రోజుకు ఒక్క లెక్క, ఒక్కటే, ముందెప్పుడూ చూడనిది తీసుకుని అరగంట సొల్యూషన్ చూడకుండా కూర్చోవాలి. రాకపోయినా సరే. ఏం ప్రయత్నించాడో, ఎక్కడ ఆగిందో రెండు వాక్యాలు రాయాలి. మొదటి వారం నరకంగా ఉంటుంది. మూడో వారానికి తేడా తెలుస్తుంది. ఇలా చేసి ఎం1 బ్యాక్‌లాగ్ నుంచి బయటపడి, తర్వాత సెమిస్టర్లలో గణితం మీద ఇష్టం పెంచుకున్న పిల్లలు నా దగ్గర చదివారు.

పాఠాలు మళ్లీ వినాలంటే ఐఐటీల అధ్యాపకులు చెప్పిన ఎన్‌పీటెల్ వీడియోలు ఉచితంగా ఉన్నాయి. వేగం తక్కువగా ఉంటుంది, అదే మంచిది. కాలేజీలో లెక్చరర్ దగ్గరకు వెళ్లి అడగమనండి. ఇంటర్ అయ్యాక మన పిల్లలకు ఈ అలవాటు ఉండదు. రెసిడెన్షియల్ కాలేజీలో స్టడీ అవర్ అని ఎవరో కూర్చోబెడతారు, వారం వారం టెస్టు పెడతారు, మార్కులు తగ్గితే ఇంటికి ఫోన్ చేస్తారు. బీటెక్‌లో ఇవేవీ ఉండవు. ఎంట్రన్స్ అయ్యాక కౌన్సెలింగ్ పూర్తయ్యే వరకు నెలల తరబడి పుస్తకం తెరవరు, క్లాసులు మొదలవగానే మిడ్ మీద పడుతుంది. ఎవరూ చెప్పకుండా చదువుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. మొదటి సెమ్‌లో అది రాకపోతే నేరమేమీ కాదు. అతన్ని ఇంట్లో తిట్టకండి. అన్నేళ్లు ఫస్ట్ వచ్చిన పిల్లవాడికి మొదటి ఫెయిల్ చాలా లోతుగా తగులుతుంది. ఎవరికీ చెప్పుకోకుండా గదిలో కూర్చుంటున్నాడా అనేది గమనించండి, నాకు దాని గురించే ఎక్కువ భయం.

మీ అమ్మాయి విషయానికి వస్తే, అన్నయ్యకు ఇలా అయిందని తనను ఎంపీసీ నుంచి వెనక్కు లాగకండి. గణితం లేని బ్రాంచి చూసుకుందాం అనీ అనుకోకండి. 2021లో ఏఐసీటీఈ (దేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే మండలి) కొన్ని ఇంజనీరింగ్ బ్రాంచీలకు ఇంటర్లో గణితం తప్పనిసరి కాదని చెప్పినప్పుడు చాలా చర్చ జరిగింది. చేరడానికి అక్కర్లేకపోయినా చదవడానికి కావాలి. కంప్యూటర్ సైన్సులో వివిక్త గణితం, సంభావ్యత వస్తాయి. మెషీన్ లెర్నింగ్ అంటూ పిల్లలు ఉత్సాహపడేదంతా నడిచేది మాత్రికల మీదే.

టెన్త్ పరీక్షలయ్యాక వచ్చే వేసవి చాలా విలువైనది. ఆ నెలల్లో ఇంటర్ సిలబస్ ముందే చెప్పించే బ్రిడ్జ్ కోర్సుల కంటే, పదో తరగతి బీజగణితం నిజంగా వచ్చేలా చూడండి. బహుపదులు, వర్గ సమీకరణాలు, వాటితోపాటు త్రికోణమితి. తన చేత గ్రాఫులు గీయించండి. కాలేజీలో చేరాక మెటీరియల్, గైడు ఉన్నా సరే, తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకం కొనివ్వండి. నిర్వచనం, దాని కింద ఉదాహరణ, ఆ తర్వాత సిద్ధాంతం అనే వరుసలో చదవడం దాంతోనే వస్తుంది. ఇంపార్టెంట్స్ లిస్టుల్లో ఆ వరుస ఉండదు.

తను తెలుగు మీడియంలో చదివి ఉంటే అది లోటు అనుకోకండి. నా దగ్గరకు వచ్చే తెలుగు మీడియం పిల్లలు మొదటి నెల ఇంగ్లీషు పదాల దగ్గర తడబడతారు, నిజమే. కానీ వాళ్ల దగ్గర ఉన్న పదాలు అర్థం చెప్పే పదాలు. కంటిన్యుటీ అంటే బోర్డు మీద మూడు షరతులు రాసే పిల్లల మధ్య, అవిచ్ఛిన్నత అంటే తెగకుండా ఉండడం సార్ అని ఒక పిల్లవాడు చెప్పాడు. ఆ మాటతోనే నేను ఆ రోజు పాఠం మొదలుపెట్టాను. రెండు భాషల్లో పదాలు పక్కపక్కన రాసుకునే చిన్న నోట్‌బుక్ ఇప్పటి నుంచే పెట్టించండి: అవధి, అవకలనం, సమాకలనం, నిర్ధారకం, కోటి (మాత్రిక ర్యాంక్), సదిశ, ఇలా. రెండేళ్లలో అదే నిఘంటువు అవుతుంది.

మీకు గణితం రాదని మీరు రాయలేదు గానీ, చాలా మంది తల్లిదండ్రులు అదే చెప్పి ఆగిపోతారు. రావాల్సిన అవసరం లేదండీ. వారానికి ఒకరోజు, భోజనాలయ్యాక, ఈ వారం నేర్చుకున్న ఒక్క సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా అని కూర్చోండి. మధ్యలో ఎందుకు అని అడగండి. అలా ఎందుకో నాకు తెలియదు, రేపు సార్‌ని అడుగుతాను అని తను అంటే, ఆ వారం బాగా గడిచినట్టు. పూర్తి మార్కులు వచ్చిన టెస్టు పేపర్ మీద కూడా ఇలాగే అడగండి. అక్కడే ఎక్కువ దొరుకుతుంది. ఏదైనా చాప్టర్ ఛాయిస్‌లో వదిలేద్దామని కాలేజీలో అంటే, పరీక్షకు వదిలినా పర్వాలేదు, పరీక్షలయ్యాక వేసవిలో అది పూర్తి చెయ్యమనండి. దిక్ కొసైన్లు, సంభావ్యత, అవకలన సమీకరణాలు ఎక్కువగా ఇలా పోతుంటాయి. మూడూ బీటెక్‌లో మళ్లీ ఎదురొస్తాయి.

మీ అబ్బాయి చేత ఈ ఆదివారం ఆ ఐదు ప్రశ్నలు రాయించి, కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి. పేరు, హాల్ టికెట్ నంబరు కనిపించకుండా చూడండి. కొట్టివేతలు చెరపొద్దు, తప్పుగా మొదలుపెట్టి వదిలేసినవి కూడా ఉండనివ్వండి. అవి చూస్తేనే మొదటి రెండు వారాల్లో అతను దేని మీద కూర్చోవాలో చెప్పగలను.